ఆకు కదిలే గాలికి కరెంటు

మా చేనులో కరెంటు పగటికే. వ్యవసాయానికి ఇచ్చే త్రీఫేజు పగలు 9 గంటలు వచ్చి పోతుంది, బోరు ఆడేదీ అప్పుడే, పొద్దు గుంకాక మోటారు కొట్టంలో ఒక్క బల్బు కూడా వెలగదు. చెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టే రోజుల్లో అడవిపందులు రాత్రిళ్లు వచ్చి సాళ్లకు సాళ్లు పెళ్లగించి పోతాయి, అందుకని నాయన ఆ రెండు నెలలూ అక్కడే మంచం వేసుకుంటాడు. రాత్రంతా వెలిగే రెండు ఎల్‌ఈడీ లైట్లు, ఫోను చార్జింగు, చిన్న రేడియో, ఆయనకు కావాల్సింది ఇంతే. లెక్క వేస్తే రాత్రికి 150 వాట్ అవర్లు దాటదు.

దీనికి 50 వాట్ల సోలార్ పలక ఎప్పుడో పెట్టాం. ఎండాకాలం బాగానే నడుస్తుంది. ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి మాత్రం మా అనంతపురం వైపు వాన రాదు గానీ మబ్బు మూసుకుని ఉంటుంది, మూడు నాలుగు రోజులు వరసగా అలాగే ఉంటే బ్యాటరీ దిగిపోతుంది. సరిగ్గా అవే రోజుల్లో పొద్దస్తమానం గాలి వీస్తూ ఉంటుంది, టవల్ భుజం మీద నిలవనంత. ఎండ లేనప్పుడు గాలి ఉంది, గాలి లేనప్పుడు ఎండ ఉంది. ఇది ఒకసారి తలలో పడ్డాక నేను ఊరికే ఉండలేకపోయాను, చేనులో సొంతంగా ఒక చిన్న గాలిమర కట్టడానికి పూనుకున్నాను.

గాలిమరలు మాకు కొత్త కాదు. రామగిరి కొండల మీద 1990లలోనే పెద్ద మరలు వెలిశాయి, బస్సులో పోతూ కిటికీలోంచి వాటిని లెక్కపెట్టడం మా చిన్నప్పటి ఆట. అంతకు ముందే కొన్ని తోటల్లో నీళ్లు తోడే మరలు ఉండేవి, పన్నెండో ఎన్నో రేకు రెక్కలతో, కిర్రుమంటూ మెల్లగా తిరిగేవి. ఈ రెండూ ఎందుకు అంత తేడాగా ఉంటాయో నాకు చాలా ఏళ్లు తెలియలేదు. తెలిసింది మాత్రం నా మర రెండుసార్లు పనికిరాకుండా పోయాకే.

ముందు గాలి లెక్క చెప్తాను, ఎందుకంటే మొత్తం విషయం అందులోనే ఉంది. గాలిలో ఉండే శక్తి దాని వేగం ఘనంతో పెరుగుతుంది, అంటే వేగం రెండింతలైతే శక్తి ఎనిమిదింతలు. 2 మీటర్ల వ్యాసంతో తిరిగే మర తీసుకుంటే అది ఊడ్చే వృత్తం 3.14 చదరపు మీటర్లు. మా ఎండకు, మా ఎత్తుకు గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.1 కిలోల చిల్లర వేసుకుంటే, సెకనుకు 10 మీటర్ల గాలిలో ఆ వృత్తం గుండా పోయేది దాదాపు 1,760 వాట్లు. 5 మీటర్ల గాలిలో 220. 4 మీటర్ల గాలిలో 112. 3 మీటర్ల గాలిలో 47 వాట్లే. అందులోనూ ఎంత గొప్ప మర అయినా 59.3 శాతం మించి లాగలేదని జర్మనీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే లెక్క కట్టి చూపించాడు. ఇంట్లో కట్టుకున్న మరలో రెక్క, కాయిల్, డయోడు, వైరు అన్నిటి దగ్గరా కొంత కొంత పోగా 20 నుంచి 25 శాతం బ్యాటరీలోకి చేరితే మంచి పని చేసినట్టే.

కాబట్టి మెల్లటి గాలిలో మనం 10, 20, 50 వాట్ల గురించి మాట్లాడుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో అరచేయంత రెక్కలున్న బొమ్మలాంటి మరకు 400 వాట్లు అని రాసి అమ్ముతుంటారు, ఆ అంకె ఏ గాలికి చెప్పారో చూడండి, సెకనుకు 12 మీటర్లో 13 మీటర్లో ఉంటుంది. అది చాలా బలమైన గాలి. మన చేలో ఏడాదిలో ఎన్ని గంటలు వీస్తుంది?

అందుకే ముందు గాలిని కొలవండి, తర్వాతే ఇనుము కొనండి. నేను మొదటిసారి ఈ పని చేయలేదు. రెండోసారి చేతిలో పట్టుకునే చిన్న గాలి మీటరు కొని, వెదురు బొంగుకు కట్టి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి 9కి చూసి పుస్తకంలో రాసుకున్నాను, నేను లేని రోజు నాయన రాశాడు. మీటరు లేకపోయినా పర్వాలేదు, చెట్టు చూసి చెప్పొచ్చు. ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నావికాధికారి 1805లో ఓడల కోసం చేసిన గాలి పట్టికను తర్వాత నేల మీది గుర్తులతోనూ రాసుకున్నారు. ఆకులు గలగలమంటూ ముఖానికి గాలి తెలిస్తే సెకనుకు 1.6 నుంచి 3.3 మీటర్లు, ఆకులూ సన్న కొమ్మలూ ఆగకుండా కదులుతూ ఉంటే 3.4 నుంచి 5.4 మీటర్లు. మా చేనులో ఆషాఢం, శ్రావణం తీసేస్తే గాలి వీచిన గంటల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి మధ్యే. మా జేజి కళ్లంలో చేట ఎత్తిపట్టి, గాలి కోసం చాలాసేపు అలా నిలబడి, పొట్టు ఎగిరిపోయేంత గాలి రాగానే గింజ వదిలేది. ఆమె ఎదురుచూసిన ఆ గాలికే నా మర తిరగాలి.

మొదటి ప్రయత్నం నాలుగేళ్ల కిందటిది. పాత కారు ఆల్టర్నేటర్, అంటే ఇంజిను తిరిగేటప్పుడు కారు బ్యాటరీని చార్జి చేసే జనరేటర్, ఒకటి తెచ్చి, దానికి 6 అంగుళాల పీవీసీ పైపు కోసి చేసిన రెక్కలు బిగించాను. చాలామంది మొదట చేసేది ఇదే. ఎవరైనా ఇప్పుడు ఇదే ఆలోచనలో ఉంటే దయచేసి ఆగండి. కారు ఆల్టర్నేటర్ నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగితేగాని చార్జి చేయదు, 2 మీటర్ల మర 4 మీటర్ల గాలిలో 190 చుట్ల దగ్గర ఉంటుంది. పైగా దాని లోపల శాశ్వత అయస్కాంతం ఉండదు, ఫీల్డ్ కాయిల్‌కు బ్యాటరీ నుంచే కరెంటు ఇవ్వాలి, అది 30 వాట్లు లాగేస్తుంది. అంటే ఆ గాలి ఇచ్చేదానికంటే మర తినేదే ఎక్కువ. పుల్లీ, బెల్టు పెట్టి వేగం పెంచుదామని చూస్తే బెల్టు రాపిడికే ఉన్న కాస్త బలం పోయింది.

రెండోది సీలింగ్ ఫ్యాను మోటారు. బయట తిరిగే అల్యూమినియం రోటర్ తీసేసి లోపల అంచంతా చిన్న నియోడిమియం అయస్కాంతాలు అంటిస్తే అది జనరేటర్ అవుతుంది, నిజంగానే అవుతుంది, చేత్తో తిప్పితే బల్బు వెలిగింది. అయితే ఫ్యాను కాయిల్స్ ఇనప పళ్ల మీద చుట్టి ఉంటాయి, అయస్కాంతం ప్రతి పన్ను దగ్గరా పట్టుకుని ఆగుతుంది, వేలితో తిప్పితే టక్ టక్ మని గుంటల్లో పడి లేచినట్టు తెలుస్తుంది. దీన్ని కాగింగ్ అంటారు. ఒకసారి తిరగడం మొదలైతే అది పెద్దగా అడ్డం రాదు, కానీ మొదలవ్వడమే కష్టం. నా మర 5 మీటర్ల గాలి వచ్చేదాకా కదలలేదు, అప్పటికి గాలి వీచే గంటల్లో సగానికి పైగా అది నిలబడి చూస్తూనే ఉంది. మెల్లటి గాలికి మొదటి శత్రువు ఈ పట్టు. పాత ఎలక్ట్రిక్ స్కూటర్ హబ్ మోటార్లలోనూ ఇదే ఇబ్బంది ఉంటుంది, కొనే ముందు వేలితో తిప్పి చూసుకోండి.

మూడోసారి నేను సొంత తెలివి పక్కన పెట్టి హ్యూ పిగాట్ చూపించిన దారి పట్టాను. ఈయన స్కాట్లాండ్‌లో స్కొరైగ్ అనే చోట, రోడ్డూ కరెంటు లైనూ లేని ఊళ్లో 1970ల నుంచి ఉంటూ, పాత సామానుతో గాలిమరలు కట్టి ఆ ఊరి ఇళ్లకు దీపాలు పెట్టిన మనిషి. ఆయన పద్ధతిలో జనరేటర్ కాయిల్స్‌కు ఇనుము ఉండదు. రెండు ఇనప పళ్లేలకు అయస్కాంతాలు అంటించి, మధ్యలో రెసిన్‌లో పోత పోసిన కాయిల్స్ పలక పెడతారు, పళ్లేలు తిరుగుతాయి, పలక కదలదు. ఇనుము మధ్యలో లేదు కాబట్టి పట్టు అసలుండదు. బేరింగు రాపిడి ఒక్కటే మిగులుతుంది. చిటికెన వేలితో తోస్తే తిరుగుతూ పోతుంది, మొదటిసారి అలా తిరగడం చూసి నేను చాలాసేపు దాన్ని ఊరికే తోస్తూ కూర్చున్నాను.

నేను చేసింది ఇలా. 300 మిల్లీమీటర్ల వ్యాసం, 8 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప పళ్లేలు రెండు లేత్ షాపులో కోయించాను. ఒక్కోదానికి 12 అయస్కాంతాలు, 50, 25, 10 మిల్లీమీటర్ల ముక్కలు, ఉత్తరం దక్షిణం మార్చి మార్చి. పళ్లెం ఇనుమే కావాలి, ప్లైవుడ్ మీద అంటిస్తే అయస్కాంత ధార వెనక నుంచి తిరిగి రావడానికి దారి ఉండక సగం బలం పోతుంది. ఈ అయస్కాంతాలతో జాగ్రత్త అని అందరూ చెప్తారు, నేనూ చెప్తున్నాను, ఎందుకంటే రెండు ముక్కలు బల్ల మీద బెత్తెడు దూరంలో పెట్టి అటు తిరిగేలోపు అవి ఎగిరి కొట్టుకుని ఒకటి పగిలింది, మధ్యలో ఉన్న నా చూపుడు వేలికి కుట్లు పడ్డాయి. ఒక్కొక్కటే పెట్టె నుంచి తీసి, పళ్లేనికి పెట్టాకే రెండోది తీయాలి. రెండు పళ్లేలనూ దగ్గరికి తెచ్చేటప్పుడు చేత్తో పట్టుకోవడం అసలు కుదరదు, మూడు పొడుగాటి మరబోల్టుల మీద నట్లు తిప్పుతూ కొంచెం కొంచెంగా దించాలి.

కాయిల్స్ పనికి మా ఊరి దగ్గర మోటార్ల రివైండింగ్ షాపుకు పోయాను. మా వైపు ఇలాంటి షాపులు లేని సెంటరు ఉండదు, లో వోల్టేజీకి కాలిపోయిన బోరు మోటార్లతో ఎండాకాలం అవి నిండిపోయి ఉంటాయి. అక్కడి మేస్త్రీ నేను గీసుకుపోయిన బొమ్మ చాలాసేపు చూసి, "ఇనుము లేకుండా కాయిల్ ఏందన్నా, గాలిలో పెడతావా?" అన్నాడు. విషయం చెప్పాక మాత్రం ఆయనకే ఉత్సాహం వచ్చింది. 18 గేజి వైండింగ్ వైరు రెండు పోగులు కలిపి, కాయిల్‌కు 50 చుట్లు, మొత్తం 9 కాయిల్స్, రెండు కిలోలకు కాస్త అటూఇటూ రాగి పట్టింది. మధ్య ఖాళీ సరిగ్గా అయస్కాంతం సైజు ఉండేలా చెక్క అచ్చు చేసి ఇచ్చాను, ఆయన గంటన్నరలో తొమ్మిదీ చుట్టేశాడు. నేను ఇంట్లో చుట్టినవి అంతకు ముందు రెండు రోజులు పట్టాయి, పైగా వదులుగా వచ్చాయి. మీ ఊళ్లో మేస్త్రీ ఉంటే ఆయన దగ్గరికే పోండి, చుట్టు బిగువుగా ఉంటేనే పలక పలచగా వస్తుంది, పలక పలచగా ఉంటేనే అయస్కాంతాలు దగ్గరగా ఉంటాయి.

మూడేసి కాయిల్స్ వరసగా కలిపితే ఒక ఫేజు, మూడు ఫేజులను స్టార్ కనెక్షన్‌లో, అంటే మూడింటి ఒక్కో కొసనూ ఒకేచోట ముడివేసి, కలిపి, ప్లైవుడ్ అచ్చులో మైనం రాసి పాలిస్టర్ రెసిన్‌లో టాల్కం పొడి కలిపి పోశాం. రెసిన్‌కు గట్టిపడే మందు ఎక్కువైతే వేడెక్కి పగులుతుంది, మా ఎండల్లో మామూలు మోతాదే ఎక్కువవుతుంది, అందుకని రాత్రి పూట పోయండి. 12 మిల్లీమీటర్ల మందం పలక వచ్చింది. ఈ 12 అయస్కాంతాల లెక్కలో ఒక సౌకర్యం ఉంది, ఒక చుట్టుకు 6 సైకిళ్లు వస్తాయి కాబట్టి మల్టీమీటరులో హెర్ట్జ్, అంటే సెకనుకు సైకిళ్లు, చూసి పదితో గుణిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో తెలిసిపోతుంది. 15 హెర్ట్జ్ అంటే 150 చుట్లు. వేరే మీటరు అక్కర్లేదు.

తిరిగే భాగానికి తుక్కు షాపులో పాత కారు వెనక చక్రం హబ్ తీసుకున్నాను. బేరింగులు బాగున్నా, దానిలోని చిక్కటి గ్రీజు, రబ్బరు సీలు కలిసి చాలా గట్టిగా పట్టాయి. కారుకు అది లెక్కలోది కాదు, మన 20 వాట్ల మరకు అది పెద్ద బరువు. గ్రీజు కిరసనాయిలుతో కడిగేసి పలచటి గ్రీజు కొద్దిగా పెట్టి, సీలు అంచు కాస్త చెక్కాను. ఆ ఒక్క పనికి మర మొదలయ్యే గాలి చెప్పుకోదగ్గంత తగ్గింది.

ఇక రెక్కలు. పీవీసీ రెక్కలు చేయడం సులువు, గంటలో అయిపోతుంది, పైపు వంపు దానంతట అదే రెక్క వంపు ఇస్తుంది. 2000ల మొదట్లో ఆఫ్రికాలోని మలావీలో కరువు వచ్చి, ఫీజు కట్టలేక బడి మానేసిన విలియమ్ కామ్‌క్వంబా అనే అబ్బాయి లైబ్రరీలో చూసిన బొమ్మ ఆధారంగా కట్టిన మరకు కూడా పీవీసీ రెక్కలే, సైకిల్ డైనమోనే. ఆ పద్ధతి చిన్నచూపు చూసేది కాదు. కాకపోతే మా దగ్గర ఏప్రిల్, మే ఎండకు నా పైపు రెక్కలు మెత్తబడి వెనక్కి వంగాయి, తర్వాత ఏడాదికే పెళుసెక్కాయి. అందుకని ఈసారి చెక్క.

చెక్క పని మా ఊరి ఆచారి గారు చేశారు. వేప చెక్క బరువు, టేకు ఖరీదు, చివరికి ప్యాకింగ్ పెట్టెలకు వాడే పైన్ చెక్కలో కణుపులు లేని పలకలు మూడు ఏరుకున్నాం. ఒక్కో రెక్క మీటరు పొడవు, మొదట్లో 14 సెంటీమీటర్ల వెడల్పు, కొసన 8. కోణం కొసన 3 డిగ్రీలు, మధ్యలో 10, మొదట్లో 20కి పైన. ఈ మెలిక ఎందుకంటే కొస గాలికంటే అయిదింతల వేగంతో పోతూ ఉంటుంది, మొదలు మాత్రం మెల్లగా కదులుతుంది, ఒక్కోచోట గాలి ఒక్కో దిక్కు నుంచి తగిలినట్టు ఉంటుంది. తిరగడం మొదలుపెట్టే బలం అంతా ఆ వెడల్పాటి మొదట్లోనే వస్తుంది కాబట్టి అక్కడ చెక్క ఆదా చేయకండి. ఆచారి గారు నాగలి మెలిక చెక్కిన చేతులతో ఈ మెలిక చూడగానే పట్టేశారు, నేను కోణాలు గీసిన అట్టముక్కలు రెండో రెక్క నుంచి ఆయనకు అవసరం పడలేదు. గాలిని కోసే అంచు గుండ్రంగా, వెనకంచు కత్తిలా పలచగా. మూడూ ఒకే బరువు వచ్చేదాకా తూకం చూసి గీకి, అవిశె నూనె నాలుగు పూతలు.

ఇక్కడ నీళ్లు తోడే మర సంగతి. దానికి అన్ని రెక్కలుంటే మనకు మూడే ఎందుకు? నీళ్ల మరకు నిలబడి ఉన్న పిస్టన్‌ను లేపే బలం కావాలి, వేగం అక్కర్లేదు. రెక్కలు ఎక్కువైతే బలం పెరుగుతుంది, చుట్లు తగ్గుతాయి. జనరేటర్‌కు చుట్లు కావాలి. డ్రమ్ము నిలువునా కోసి చేసే సావోనియస్ మర కూడా అంతే, ఎటు గాలి వచ్చినా తిరుగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ దాని అంచు గాలి వేగానికి దగ్గరగానే తిరుగుతుంది, అదే కరెంటుకు ఎన్నో రెట్లు అయస్కాంతాలు, రాగి కావాలి. వీడియోల్లో ఎక్కువగా అవే కనిపిస్తాయి. కరెంటు కోసమైతే నేను వద్దనే చెప్తాను.

స్తంభానికి డబ్బు పెట్టలేదు. ఎండిపోయిన బోరులోంచి పీకిన 2 అంగుళాల జీఐ పైపులు కొట్టం వెనక పడి ఉన్నాయి, 20 అడుగులవి రెండు కలిపి 40 అడుగులు చేశాం. మూడు కోర్ల సబ్‌మర్సిబుల్ కేబులు కూడా ఆ బోరుదే, మూడు ఫేజులకు మూడు కోర్లు, ఇంతకంటే సరిగ్గా సరిపోయేది ఇంకోటి దొరకదు. నీళ్లు రాని బోరు మాకు కనీసం ఇది ఇచ్చింది. స్తంభాన్ని లాగి పట్టడానికి నాలుగు వైపులా రెండు ఎత్తుల్లో స్టే వైర్లు, ఒక్కో కొసకు మూడు క్లాంపులు. అడుగున మడత కీలు పెట్టి, పక్కకు ఇంకో పైపు తన్నించి, చైన్ పుల్లీతో మెల్లగా లేపాం. ట్రాక్టర్‌తో లాగుదామని చిన్నాయన అన్నాడు గానీ ఒప్పుకోలేదు, ట్రాక్టర్ ఒక అడుగు ఎక్కువ లాగినా ఎవరికీ తెలియదు, వైరు తెగితే కింద ఉన్నది మనుషులు. చైన్ పుల్లీకైతే ఎక్కడ బరువెక్కుతుందో చేతికే తెలుస్తుంది. ఎవరూ స్తంభం పడే దూరంలో నిలబడకూడదు, పిల్లల్ని ఆ రోజు చేనుకే రానివ్వలేదు.

ఎత్తు విషయంలో రాజీ పడొద్దు. చింతచెట్టు పక్కన, ఇంటి మిద్దె మీద పెడితే గాలి ముక్కలై సుడులు తిరుగుతూ వస్తుంది, మర అటూ ఇటూ తల తిప్పుకుంటూ ఉంటుంది తప్ప నిలకడగా తిరగదు. 20 అడుగుల నుంచి 40కి పోతే వేగం పదో పదిహేనో శాతమే పెరుగుతుంది కానీ ఘనం లెక్క గుర్తుంది కదా, శక్తి 35 నుంచి 50 శాతం పెరిగిపోతుంది. అదే శక్తి రెక్క పొడవు పెంచి తేవాలంటే జనరేటర్‌తో సహా అన్నీ మార్చాలి.

మొదటి రోజు సాయంత్రం 3 మీటర్లు కూడా లేని గాలికే మర తిరిగి, 118 చుట్ల దగ్గర బ్యాటరీలోకి కరెంటు పోవడం మొదలైంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత వారం గాలి పెరిగింది, 5 మీటర్లు దాటింది, ఆంపియర్ మీటరు మాత్రం 2 దగ్గర ఆగిపోయింది. లెక్క ప్రకారం 4 రావాలి. డయోడ్లు మార్చాను, జాయింట్లు మళ్లీ వేశాను, బ్యాటరీ మార్చి చూశాను, టెన్షన్ పడుతూ పది రోజులు పోయాయి. చివరికి హెర్ట్జ్ చూస్తే తెలిసింది, 5 మీటర్ల గాలిలో 240 చుట్లు తిరగాల్సిన రెక్కలు 140 దగ్గరే నిలిచిపోతున్నాయి.

తప్పు జనరేటర్ బలహీనతది కాదు, బలానిది. తక్కువ గాలికే చార్జింగు మొదలవ్వాలని నేను కాయిల్స్‌కు వైరు చుట్లు ఎక్కువ వేశాను, అయస్కాంతాలు బాగా దగ్గరగా పెట్టాను. బ్యాటరీ తన వోల్టేజీని పెరగనివ్వదు, దాంతో జనరేటర్ రెక్కలను అక్కడే పట్టి లాగుతోంది, గాలి పెరిగినా రెక్క వేగం పెరగట్లేదు. వేగం చాలని రెక్కకు గాలి మరీ నిటారుగా తగిలి, వంపు వెంట జారకుండా విడిపోతుంది. స్టాల్ అంటారు దీన్ని, ముక్కు మరీ పైకెత్తిన విమానం రెక్క ఎత్తే బలం పోగొట్టుకునేది కూడా ఇలాగే. మందు చాలా చిన్నది. మర దించి, రెండు పళ్లేల మధ్య బోల్టులకు 6 మిల్లీమీటర్ల మందం వాషర్లు వేసి అయస్కాంతాలను దూరం జరిపాను. చార్జింగు మొదలయ్యే చోటు 118 నుంచి 145 చుట్లకు పెరిగింది, అంటే ఇప్పుడు పూర్తి 3 మీటర్ల గాలి కావాలి. 3 మీటర్ల లోపు గాలిలో పోగొట్టుకున్నది ఒకటి రెండు వాట్లు, 5 మీటర్ల దగ్గర వచ్చింది రెండింతలు. ఇప్పుడు 4 మీటర్ల గాలికి 1.8 ఆంపియర్లు, 5 మీటర్లకు 4 దగ్గర చూపిస్తోంది.

ఈ పది రోజుల సంగతి రాయాలనే ఈ పోస్టు మొదలుపెట్టాను. తక్కువ గాలికి మర అనగానే అందరూ ఎంత చిన్న గాలికి తిరుగుతుంది అనే అడుగుతారు, నేనూ అదే పట్టుకుని కూర్చున్నాను. 2 మీటర్ల గాలిలో మొత్తం కలిపి 14 వాట్లే ఉంటాయి, దాన్ని పట్టుకోవడానికి మిగతాదంతా వదులుకోకూడదు. 3 దగ్గర మొదలై, 4 నుంచి 6 మధ్య రెక్క సరైన వేగంతో పరిగెత్తేలా ఉంటే చాలు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మర ఇచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చేది డయోడ్ల బ్రిడ్జి రెక్టిఫయర్, 12 వోల్టుల మీద మామూలుది 1.4 వోల్టులు తినేస్తుంది, పదో వంతు పోయినట్టే, తక్కువ వోల్టేజీ తినే షాట్కీ రకం డయోడ్లు వేస్తే అందులో సగం మిగులుతుంది. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు తప్పనిసరి. బ్యాటరీ నిండితే మరను ఊరికే వదిలేయకూడదు, భారం లేని మర పిచ్చి వేగంతో తిరుగుతుంది, కరెంటును వేరే భారానికి మళ్లించే కంట్రోలర్ ఉండాలి, నా దగ్గర అది కుండలో నీళ్లు వేడి చేసే కాయిల్. మరను ఆపాలంటే మూడు ఫేజులూ ఒకదానికొకటి కలిపేసే స్విచ్చి, మెల్లటి గాలిలో అది బ్రేకులా పనిచేస్తుంది. పెద్ద గాలికి అది చాలదు. దానికోసం రెక్కల ఇరుసును స్తంభం మధ్య నుంచి 10 సెంటీమీటర్లు పక్కకు జరిపి, తోకను ఏటవాలు కీలు మీద వేలాడదీశాను, గాలి హద్దు మీరితే రెక్కలు పక్కకు తిరిగిపోతాయి, తగ్గాక తోక బరువుకే వెనక్కి వస్తాయి. ఈ జూలైలో ఒక సాయంత్రం ఉరుముల గాలికి అలా తిరిగిపోవడం కళ్లారా చూశాను.

ఖర్చు మొత్తం 19 వేలు దాటింది, అందులో అయస్కాంతాలకే 8 వేలు. అదే డబ్బుకు సోలార్ పలకలు కొంటే ఏడాది మొత్తం మీద ఎక్కువ కరెంటు వస్తుంది, ఇది దాచను. కేవలం దీపం కావాలనుకునేవాళ్లు పలక, మంచి బ్యాటరీ కొనుక్కోండి. గాలి నిలకడగా ఉండే చేను, మబ్బు పట్టే నెలలు, చేత్తో చేయాలనే కోరిక మూడూ ఉన్నవాళ్లకు మాత్రం నేను గట్టిగా చెప్తాను, చేయండి. మా చేనులో ఆషాఢంలో నాలుగు రోజులు సూర్యుడు కనిపించనప్పుడు మర ఒక్కటే బ్యాటరీని నిండుగా ఉంచింది. కార్తీకంలో అది దాదాపు ఊరికే నిలబడుతుంది, అప్పుడు పలక చూసుకుంటుంది.

నాయన మొదట్లో దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు పొద్దున్నే ఫోను చేసి ముందు మీటరు ఎంత చూపిస్తోందో చెప్తాడు, తర్వాతే వాన సంగతి, ఆవు సంగతి. మొన్న ఫోనులో, "రెక్క ఒకటి కొసన నెర్రె ఇచ్చినట్టుంది, సన్నగా ఈల వస్తోంది, ఈసారి వచ్చినప్పుడు దించి చూడు" అన్నాడు. 40 అడుగుల ఎత్తున ఉన్న నెర్రెను ఈల బట్టి పట్టుకున్నాడు. ఆదివారం చేనుకు పోతున్నాను, చైన్ పుల్లీ పక్క ఊరి నుంచి తెచ్చుకోవాలి, ఆచారి గారికి చెప్పి పెట్టాను. ఎలాగూ దించుతున్నాం కాబట్టి రెక్కలకు ఇంకో పూత నూనె వేసి, వాషర్లు ఒక మిల్లీమీటరు తగ్గించి చూద్దామని ఉంది. హెర్ట్జ్ ఎంత వస్తుందో రాసి పెడతాను.